మూడో దిమ్మ చాటున

ఆటు మొదలయిందంటే అండమాన్‌లో మాయాబందర్ దగ్గరి ఆ ఉప్పుటేటి స్వభావమే మారిపోతుంది. మడ అడవుల లోపల నిండిన నీరంతా సముద్రానికి తొందరపడి, కూలిన పాత వంతెన దిమ్మల మధ్య తెల్లగా విరిగి పడుతుంది. కయాక్ పోటీలకు పిల్లలను తయారుచేసే ఉమేష్ అందుకే ఆ చోటు ఎంచుకుని, వాళ్లచేత ప్రవాహానికి ఎదురెక్కించేవాడు.

వాళ్లలో కళ్యాణికి అది శిక్షణ కన్నా ఆట. ప్రతి దిమ్మ వెనుకా కాస్త మేర నీరు వెనక్కి మళ్లి నెమ్మదిస్తుంది. ఆ చాటులో దూరి ఊపిరి తీసుకుని, మళ్లీ ధారను ఏటవాలుగా కోసుకుంటూ పై దిమ్మకు చేరాలి. చిట్టచివరి దిమ్మ దాకా ఎక్కి, కేకలు పెడుతూ కిందికి జారిపోవడంలోని సంతోషం ఆమెకు మరెక్కడా దొరకలేదు.

ఈరోజు మాత్రం తెడ్డు పట్టుకుని ఒడ్డునే ఆగింది. నిన్న ఒడ్డు బురదలో, బరువైనదేదో పొట్టతో ఈడ్చుకుంటూ నీటిలోకి దిగిన జాడ చూసింది. ఉమేష్‌కు చూపించింది కూడా.

"ఎవరో దుంగ లాగారు. డర్ గయీ క్యా? భయమా? పోటీల సెలెక్షన్‌కు పోవాలని లేదా?" అని అతడు నవ్వాడు.

పోవాలనే ఉంది. అందుకే దిగింది.

మొదటి దిమ్మ దాటింది. రెండోదీ దాటింది. మూడో దిమ్మ చేరేసరికి భుజాలు మండిపోతున్నాయి. చాటులోకి కయాక్ ముక్కు దూర్చగానే కుళ్లు వాసన గుప్పుమంది. చేపల పేగులు, తలలు, మొప్పలు నీటిమీద గుండ్రంగా తిరుగుతున్నాయి.

అవి ఎక్కడివో ఆమెకు తెలుసు. ఎగువ రేవులో తల్లి అప్పలకొండమ్మ, తోటి ఆడవాళ్లు చేపలు కోసి, ఆటు వచ్చేదాకా ఆగి అప్పుడే చెత్త నీళ్లలో వేస్తారు. ఆటు అంతా సముద్రానికి మోసుకుపోతుందనీ, రేవు శుభ్రంగా ఉంటుందనీ వాళ్ల నమ్మకం. సముద్రందాకా పోనిదంతా ఇక్కడ చేరుతోంది.

అన్నీ తిరుగుతున్నాయి. వాటి నడుమ ఒక దుంగ మాత్రం తిరగడం లేదు.

కళ్యాణి మెడ చాచి చూసింది. దుంగకు రెండు కళ్లున్నాయి.

తెడ్డు కదపలేదు. ఊపిరి సైతం శబ్దం చేస్తుందేమోనని బిగబట్టింది. అంతలో కిందినుంచి, ఆమెతోపాటే శిక్షణ పొందే సౌమ్య గొంతు వినబడింది.

"దీదీ, ఆ చాటు నీ పేర రాయించుకున్నావా? జరుగు, నేనొస్తున్నా!"

సౌమ్య రెండో దిమ్మ విడిచి ధారలోకి వచ్చేసింది. కేక వేస్తే అది కదులుతుందేమోనని కళ్యాణి ఆగింది. ఆ కళ్లు నెమ్మదిగా నీటిలో మునిగాయి. కనబడుతున్నప్పటికన్నా అదే భయంకరం. ఆమె తెడ్డు ఒక్కసారి బలంగా తోసి, కయాక్‌ను ధారకు అడ్డం తిప్పి వదిలేసింది. ప్రవాహం ఆమెతో సహా దాన్ని తీసుకుపోయి సౌమ్య కయాక్‌కు మోదింది. రెండూ కలిసి కొట్టుకుపోయి దిగువ ఇసుకను తాకాయి.

"పాగల్ హై క్యా?" అంటూ ఉమేష్ పరుగెత్తుకొచ్చాడు. కళ్యాణి ఏటివైపు చెయ్యి చాచింది. మూడో దిమ్మ చాటున నల్లని వీపు ఒకటి లేచి, మళ్లీ మునిగింది.

ఉమేష్ రేవువైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఇళ్లలో చెప్పకండి. శిక్షణ ఆగిపోతుంది," అన్నాడు.

రేవునుంచి అప్పలకొండమ్మ చేపల నెత్తురు చేతులతోనే వచ్చిపడింది. "ఓలమ్మో, ఏటయిందే గుంటా?"

"మీరు పారేసిన పేగులకే మొసలి వచ్చింది," అన్నాడు ఉమేష్, తప్పు దింపుకోవడానికి చోటు దొరికినవాడిలా.

"నిజమే సార్. అది మా అమ్మ తప్పు," అంది కళ్యాణి. "జాడ చూపిస్తే దుంగ అన్నది మీ తప్పు. రెండూ చెబుతాను. పిల్లలను పంపే ప్రతి ఇంటికీ వెళ్లి చెబుతాను."

"సెలెక్షన్ పోతుంది."

"పోనివ్వండి."

అప్పలకొండమ్మ చేతుల నెత్తురు కొంగుకు తుడుచుకుంది. "ఆటు ఒట్టుకుపోద్దనుకున్నానే," అని గొణిగింది. రేవుకు తిరిగి వెళ్లి, చేపల చెత్త నింపి ఉంచిన తొట్టి ఎత్తుకుని, అలవాటు కొద్దీ నీటివైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. తరువాత గట్టుమీదికి, కొబ్బరి మొక్కల గుంతలవైపు నడిచింది.

కళ్యాణి తన కయాక్‌ను ఈడ్చి, నీటిలోకి దిగే దారికి అడ్డంగా పడేసింది. ఏటివైపు తిరిగి చూసింది. మూడో దిమ్మ చాటున తిరిగేవన్నీ తిరుగుతూనే ఉన్నాయి. తిరగనిది మాత్రం ఎక్కడా కనబడలేదు.