పది వైఫల్యాలు కావలెను

పద్దెనిమిదేళ్లుగా ఈ ఆర్ట్స్ కాలేజీ వర్క్‌షాపులో పిల్లలకి ఉలి పట్టడం నేర్పుతున్నాను. ఇప్పుడు కొత్త రూలొచ్చింది. పీజీ లేనివాళ్లు ఉలి పట్టుకోవచ్చుగానీ నేర్పకూడదట. అందుకని యాభయ్యో ఏట, నా దగ్గర పని నేర్చుకున్నవాడి కిందే పీజీకి పరిశోధక విద్యార్థిగా చేరాను. డిగ్రీ వస్తే ఉద్యోగం ఉంటుంది. లేదంటే ఇంటికే.

నేను చేసిన కుర్చీ చుట్టూ గైడుగారు మూడుసార్లు తిరిగారు.

"మాస్టారూ, పని అద్భుతం. కానీ ఇందులో ప్రశ్న ఎక్కడుంది?"

"కుర్చీకి ప్రశ్నేంటండీ? నాలుగు కాళ్లున్నాయిగా!"

"అలా కాదు. ఎక్కడెక్కడ విఫలమయ్యారో చూపించాలి. కనీసం పది. తప్పే లేకపోతే తెలిసిందే చేశారంటారు, పరిశోధన అనరు."

ఔరా! తప్పు చేస్తే మా నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. ఇక్కడ దానికి మార్కులట.

వారం రోజులు తప్పు చేద్దామని కూర్చున్నాను. కాలు దిగే గాడి వదులుగా తీద్దామంటే చెయ్యి ఒప్పుకోదు. పాడుచేయడం కూడా ఒక విద్యేనని, అది నాకు రాదని తేలిపోయింది.

"అటక నిండా చెత్త పెట్టుకుని తప్పుల కోసం ఏడుస్తారేంటండీ?" అంది మా ఆవిడ.

నిజమే! పిల్లలు చెడగొట్టినవన్నీ పాఠం చెప్పేటప్పుడు చూపిద్దామని దాచాను. పదింటిని దించి, నావేనన్నట్టు నంబర్లు అంటించాను. పదోది గైడుగారు చదువుకునే రోజుల్లో చేసిన స్టూలు.

పరీక్ష రోజున బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు తొమ్మిదింటినీ దాటి ఆ స్టూలు దగ్గర ఆగింది. "ఎంత ధైర్యమైన వైఫల్యం! దీన్నుంచి ఏం నేర్చుకున్నారు?"

గైడుగారి మొహంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు.

ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. కానీ నా నోరు నా మాట ఎప్పుడు వింది గనక!

"ఇవేవీ నావి కావండీ. పిల్లలవి. ఈ స్టూలు ఎక్కి కూర్చుంటే కింద పడతారు. ఫెయిల్ చేద్దామనుకున్నాను. చేసినవాడు ఏడ్చాడు. జాలిపడి పాస్ చేశాను. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన తప్పు ఇదొక్కటే."

"ఇదండీ అసలైన పరిశోధన!" అని ఆవిడ పొంగిపోయింది. "ఇంతకీ ఆ విద్యార్థి ఇప్పుడేం చేస్తున్నాడు?"

"బాగానే స్థిరపడ్డాడండీ," అన్నారు గైడుగారు, నాకంటే ముందే. ఆ గొంతు నాకు తెలుసు. ఆనాడు పాస్ చేయమని ఏడ్చిన గొంతే. నాకు జాలేసింది. ఉద్యోగమూ గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

గైడుగారు గబగబా పాసని రాసి సంతకం పెట్టారు. ఇప్పుడు నా తప్పులు రెండు.