కొత్త వార్డు ఫ్యాన్లు

"తప్పుకోండి, తప్పుకోండి!" అన్న వార్డుబాయ్ కేక విని, ఎముకల డాక్టరమ్మ తడుపుతున్న పిండికట్టు పట్టీని నర్సు చేతిలో పెట్టి బయటికి వచ్చింది.

స్ట్రెచర్ మీద ఉన్నది ఫ్యాన్లు బిగించే ఫిట్టరు. పొద్దున వసారాలో ఎదురుపడి, "ఇంకో రెండు బిగిస్తే ప్రసూతి వార్డు పని అయిపోయినట్టేనమ్మా, సాయంత్రానికి గాలే గాలి" అని నవ్వుతూ వెళ్లిన మనిషే. ఇప్పుడతని కుడి భుజం ఉండాల్సిన చోట లేదు. చొక్కా నెత్తుటితో తడిసి ఒంటికి అంటుకుపోయింది. మూలుగు పైకి రాకుండా పళ్లు బిగబట్టాడు గానీ కళ్లవెంట నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

"నిచ్చెన మీంచి పడ్డాడా?" అని అడిగింది అలవాటు కొద్దీ.

"నిచ్చెన ఎక్కడిదమ్మా, మీ కొక్కెమేగా!" అనేసి వార్డుబాయ్ నాలిక కరుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "ఫ్యాను తిరుగుతుందో లేదో చూద్దామని వేశాడు. కింద అట్టపెట్టెలు ఏరుకుంటుంటే ఊడి మీద పడింది."

తను కనిపెట్టిన కొక్కెం ఎలా ఊడిందో డాక్టరమ్మకి అర్థం కాలేదు. కానీ అది ఆలోచించే సమయం కాదు. నెత్తురు ఆపి, నొప్పికి సూది వేసి, ఎక్స్‌రే తీయించింది. భుజం ఎముక కొబ్బరిచిప్పలా ముక్కలైంది. ఆపరేషన్ చేస్తే చెయ్యి మిగులుతుంది. తలపైకి లేస్తుందా అంటే ఏ డాక్టరూ మాట ఇవ్వలేడు. ఇతని బతుకంతా ఆ తలపైకి లేచే చేతి మీదే ఉంది.

ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె తండ్రి కూడా ఫ్యాన్లు బిగించేవాడే. ఒక సినిమాహాల్లో బల్ల మీద స్టూలు, స్టూలు మీద తను నిలబడి ఫ్యాను ఎత్తుతూ తూలి కింద పడ్డాడు. తుంటి విరిగింది. ఆ తర్వాత పోయేదాకా ఓ పక్కకి ఒరిగి ఒరిగి నడిచాడు. "నువ్వు డాక్టరువై ఎముకలు అతికిస్తానంటావు, బాగానే ఉంది తల్లీ. అసలు విరక్కుండా ఏమన్నా చెయ్యరాదూ?" అని నవ్వులాటకి అనేవాడు. ఆయన నవ్వులాట ఆమె మనసులో ముల్లులా దిగబడింది.

అందుకే ఆ కొక్కెం పుట్టింది. స్లాబు పోసేటప్పుడే పైకప్పులో ఒక దిమ్మ అమర్చేస్తారు. ఇక ఎవరూ పైకి ఎక్కనక్కర్లేదు. పొడవాటి గొట్టం చివర ఫ్యాను తగిలించి, నేల మీద నిలబడే దాన్ని ఎత్తి, పైనున్న కొక్కేన్ని దిమ్మలో దూర్చి తిప్పితే చాలు. వేలెడంత ఉక్కు చీల జారిపడి తాళంలా బిగుసుకుంటుంది. దీపాలకీ అదే పద్ధతి. లేతు పనివాడి చేత మొదటిది చేయించి, తన మంచం పైనే వేలాడదీసుకుని, ఒక వేసవంతా దాని కింద నిద్రపోయి, అప్పుడు గానీ ఆమె ఎవరికీ చూపించలేదు. ఆసుపత్రి ఛైర్మన్ చూసి ముచ్చటపడ్డాడు. తన బావమరిది ఫ్యాక్టరీలో తయారు చేయిస్తానన్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. నిచ్చెనల మీంచి పడి వచ్చేవాళ్లు తగ్గుతారు కదా అనుకుంది.

ఫిట్టరుని ఆపరేషన్‌కి సిద్ధం చేయమని చెప్పి, ఆమె వసారా దాటి కొత్త వార్డుకి పరుగులాంటి నడకతో వెళ్లింది. లోపల తోరణాలు కడుతున్నారు. పడిన ఫ్యానుని అప్పుడే మూలకి లాగేసి గుడ్డ కప్పేశారు. నేల మీద నెత్తుటి మరకని ఆయా తుడుస్తోంది. డాక్టరమ్మ గుడ్డ తీసి, కొక్కెం దగ్గర వేలు పెట్టి తడిమి చూసింది. చీల సగానికి తెగి ఉంది. తెగిన చోట తెల్లగా, పెళుసుగా ఉంది. అది ఉక్కు కాదు, ప్లాస్టిక్.

ఆమె తలెత్తి చూసింది. వార్డు పొడవునా, మంచం మంచానికీ పైన, తన చేత్తో గీసిన బొమ్మల్లోంచి పుట్టిన కొక్కేలకి ఫ్యాన్లు వేలాడుతున్నాయి.

ఛైర్మన్ గదిలో పూలగుత్తులు గుట్టగా పడి ఉన్నాయి. ఆయన అద్దం ముందు నిలబడి కోటు సర్దుకుంటున్నాడు.

"రండి డాక్టరమ్మా. ఆ ఫిట్టరుకి ఎలా ఉంది పాపం?"

"బతుకుతాడు. చెయ్యి సంగతి చెప్పలేను. ఉక్కు చీల పెట్టాలని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ప్లాస్టిక్‌ది ఎలా వచ్చింది?"

"అవన్నీ మా బావమరిది చూసుకుంటాడమ్మా. ఒక్కోదాని మీద అర కప్పు టీ డబ్బులు మిగులుతాయన్నాడు. అమ్మేది వేలల్లో. లెక్క మీకే అర్థమవుతుంది."

"అర కప్పు టీ కోసం ఒక మనిషి చెయ్యి పోయింది."

"ఒకటి ఊడింది. మిగతావి నిక్షేపంగా ఉన్నాయిగా? వాడే సరిగా తిప్పి ఉండడు."

"అది తిప్పడంలో తేడా కాదు, తెగింది. నేను కళ్లారా చూశాను. ఆ ఫ్యాన్లన్నీ దించెయ్యండి. అందాకా వార్డు తెరవొద్దు."

ఛైర్మన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కోపగించుకోలేదు. ఆయన గొంతు మెత్తబడితేనే ఆసుపత్రిలో అందరికీ భయం.

"చూడమ్మా, సాయంత్రం ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లంతా వస్తున్నారు. ఫ్యాన్లు తిప్పే మీట నొక్కాల్సింది మీరు. డాక్టరు కనిపెట్టిందీ అంటేనే జనానికి గురి. ఎవరైనా అడిగితే ఫిట్టరు పొరపాటని ఒక్క ముక్క అనండి. వాడి వైద్యం ఖర్చు మొత్తం మనదే, పైసా అడగం. మీరు కాదంటే మాత్రం వాడు కాంట్రాక్టరు మనిషి. మనకేం సంబంధం? స్ట్రెచర్‌తో సహా గేటు బయట ఉంటాడు. మీరే ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఆమెకి సందు దొరకలేదు. ఆపరేషన్ గది ముందు ఫిట్టరు భార్య నిలబడి ఉంది. బట్టల ఫ్యాక్టరీలో మిషను మీంచి లేచి వచ్చినట్టుంది, జుట్టు నిండా దారపు పోగులే. డాక్టరమ్మని చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"ఛైర్మన్‌గారి మనిషొచ్చి అంతా చెప్పాడమ్మా. తప్పు మా ఆయనదే అని చెప్పెయ్యండి."

"తప్పు అతనిది కాదమ్మా."

"కాదని నాకు తెలీదా? పెళ్లయిన కాడి నుంచీ చూస్తున్నా. ఇంట్లో బల్బు మార్చినా పదిసార్లు లాగి చూసే మనిషి." ఆమె పట్టుకున్న చేతులు వదల్లేదు. "అయినా చెప్పెయ్యండి. నిజం చెప్తే మీకు మంచి పేరు. మాకేం ఒరుగుతుంది? ఆ చెయ్యి పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు."

"ఆపరేషన్ నేను చేస్తాను. ఇప్పుడే చేస్తాను."

"ఇవాళ చేస్తారు. రేపు మిమ్మల్నే ఇక్కణ్ణించి గెంటేస్తే? కట్టు విప్పేదెవరు? మందులిచ్చేదెవరు?"

లోపలి నుంచి మత్తులో మునుగుతున్న ఫిట్టరు గొంతు వినిపించింది. "అనెయ్యండమ్మా... నాదే తప్పని... నాకేం నామోషీ లేదు."

డాక్టరమ్మ గోడకి ఆనుకుంది. "సాయంత్రం ఆ మంచాల మీద బాలింతల్ని పడుకోబెడతారు. పక్కనే పసిగుడ్లు" అంది మెల్లగా.

"నాతో అనకండి!" ఫిట్టరు భార్య రెండు చెవులూ మూసుకుంది. "ఆ మాట నాతో అనకండి. నాకూ పిల్లలున్నారు."

ఆపరేషన్ చాలాసేపు పట్టింది. ముక్కలన్నీ ఏరి, స్టీలు పలక పెట్టి, మరలు బిగించి, కుట్లు వేసి ఆమె బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. చేతులు కడుక్కుంటుంటే ఛైర్మన్ మనిషి వచ్చి, "అందరూ మీకోసమే చూస్తున్నారమ్మా" అంటూ వెంటబెట్టుకుపోయాడు.

వార్డు నిండిపోయి ఉంది. ఫొటోలకి నిండుగా కనిపించాలని బాలింతల్ని అప్పుడే పాత వార్డు నుంచి తెచ్చి మంచాల మీద పడుకోబెట్టారు. ఉక్కకి పసివాళ్లు గుక్కపట్టి ఏడుస్తున్నారు. తల్లులు చీర కొంగులతో విసురుతూ, ఆ ఫ్యాన్లు ఎప్పుడు తిరుగుతాయా అని పైకి చూస్తున్నారు. వార్డు మధ్యలో పూలు చుట్టిన బల్ల మీద ఒకే ఒక్క మీట అమర్చారు. దాన్ని నొక్కితే ఫ్యాన్లన్నీ ఒక్కసారే తిరుగుతాయట.

మైకులో ఒకాయన ఆమె గురించి చదువుతున్నాడు. "మూడు తరాల వైద్య కుటుంబంలో జన్మించి, తాతగారి నుంచి శస్త్రవిద్యనూ, తండ్రిగారి నుంచి పరిశోధననూ అందిపుచ్చుకుని, విదేశాల్లో ఉన్నత శిక్షణ పొంది..."

ఎవరి గురించో చెబుతున్నారనుకుంది మొదట. తరవాత తన గురించేనని తెలిసి మొహం జేవురించింది. ఛైర్మన్ చప్పట్లు కొడుతూ ఆమెని మీట దగ్గరికి నడిపించి, మైకు చేతికిచ్చి, చెవిలో, "ఒక్క ముక్క చాలమ్మా" అన్నాడు.

ఆమె మైకు అందుకుంది.

"మాది వైద్య కుటుంబం కాదు" అంది. "నేను విదేశాలు చూడలేదు. మా నాన్న ఫ్యాన్లు బిగించేవాడు. బిగిస్తూ పడి అవిటివాడయ్యాడు. అలా ఇంకెవరూ పడకూడదని ఈ కొక్కెం చేశాను. నేను పెట్టమన్నది ఉక్కు చీల. వీటిలో ఉన్నది ప్లాస్టిక్. పొద్దున ఒకటి తెగి, దాన్ని సక్రమంగానే బిగించిన మనిషి భుజం మీద పడింది. తప్పు అతనిది కాదు. ఈ మీట నేను నొక్కను."

చప్పట్ల కోసం ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

ఛైర్మన్ మెత్తగా నవ్వి మైకు లాక్కున్నాడు. "డాక్టరమ్మ పొద్దుట్నుంచీ ఆపరేషన్ చేసి అలిసిపోయారు. కంగారేం లేదు. మీట నేనే నొక్కుతాను."

అప్పుడు గుమ్మం దగ్గర కదలిక. ఫిట్టరు భార్య లోపలికి వస్తోంది. డాక్టరమ్మ ముందు నుంచే వెళ్లింది గానీ ఆమె వంక చూడలేదు. ఆ చూపు తిప్పుకోవడంలో కోపమే ఉంది. తిన్నగా మొదటి మంచం దగ్గరికి వెళ్లి, తల్లి పక్కనున్న పసిగుడ్డుని రెండు చేతులతో ఎత్తి గుండెలకి హత్తుకుంది.

"లే తల్లీ" అంది ఆ బాలింతతో. "నెమ్మదిగా లే. గోడ పక్కకి రా."

ఆ బాలింత పైకి చూసింది. కడుపు పట్టుకుని, మంచం దిగి, అడుగులో అడుగు వేసుకుంటూ గోడ దగ్గరికి నడిచింది. ఆమె వెనక ఇంకొకామె. నర్సులు ఒక్క క్షణం ఛైర్మన్ మొహంలోకి చూసి, తలలు దించుకుని, పిల్లల్ని ఎత్తుకోవడం మొదలుపెట్టారు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఒకాయన దగ్గుతూ, జేబురుమాలు వెతుక్కుంటున్నట్టు గోడ వైపు తప్పుకున్నాడు.

కాసేపటికి వార్డులో నాలుగు గోడలకీ అంటుకుని జనం, మధ్యలో ఖాళీ మంచాలు. పూలు చుట్టిన బల్ల దగ్గర ఛైర్మన్ ఒక్కడే మిగిలాడు. వేలు మీట మీదే ఉంది. అందరూ తననే చూస్తున్నారని తెలిసి నవ్వబోయి, చటుక్కున తలెత్తి తన నెత్తి మీద వేలాడుతున్న ఫ్యాను వంక చూశాడు.