కనుమ పూడిన కొండ

నేను ఒక కొండను. నవ్వకండి, మూరెడు ఎత్తున్న చెక్క కొండను. విశాఖలో ఒక ప్రయోగశాల గాజు తొట్టిలో మునిగి ఉండడమే నా ఉద్యోగం. గెడ్డవలస ఊరి పక్కనున్న అసలు కొండకు నేను నకలు. ఆ కొండకు అవతల ఒక ఫ్యాక్టరీ పొగగొట్టం లేవబోతోంది. పొగ కొండ దాటి ఊళ్లోకి వస్తుందా రాదా అన్నది నన్ను చూసి తేల్చాలి.

నన్ను చేసిన అప్పలాచారి చెయ్యి తిరిగిన వడ్రంగి. పటం ప్రకారం పలకలు కోసి ఒకదాని మీద ఒకటి అతికించాడు. నా మెడ దగ్గర సన్నటి సందు తేలింది. రంపం జారిందనుకుని సిగ్గుపడ్డాడు. ఎవరికీ చెప్పకుండా లప్పం కూరి, నున్నగా తోమి, రంగేశాడు. ఆయన పరువు దక్కింది. నా కనుమ పూడింది.

చలికాలం ఉదయాల్లో బరువెక్కిన గాలి నేలనంటుకుని ఉంటుంది, పొగను కొండెక్కనివ్వదు. ఆ బరువు కోసం హైమ అనే పరిశోధకురాలు తొట్టి అడుగున ఉప్పునీళ్లు, పైన మంచినీళ్లు నింపి, పొగకు బదులు ఎర్ర రంగు వదిలేది. పదకొండుసార్లు రంగు నన్ను చుట్టి పక్కకు పోయింది. ఊరికి భయం లేదని ఆమె రాసి పంపింది. గొంతులో లప్పం కుక్కి సాక్ష్యం చెప్పమంటే నేనేం చెప్పను?

తర్వాత ఊరి తరఫున సన్యాసమ్మ చూడటానికి వచ్చింది. తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఇది మా కొండేనా అమ్మా? మరి కనమేదీ? పొద్దున్నే సలిగాలి ఆ సందులోంచే కొడతాది. మా పిల్ల గుంటకి ఆయాసం అప్పుడే ఎక్కువౌతాది."

హైమ పటం తెప్పించి, అప్పలాచారిని పిలిపించింది. పటంలో ఆ సందు స్పష్టంగా ఉంది. అప్పలాచారి తల వంచుకున్నాడు. "రంపం జారిందనుకున్నానమ్మా," అని తనే ఉలి పట్టి లప్పం తవ్వేశాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఈసారి రంగు తిన్నగా నా కనుమలో దూరి, వెనక పల్లంలోని బుల్లి ఇళ్ల మీద కూర్చుంది. గంట గడిచినా కదల్లేదు. నా హాయి అంతటితో సరి.

హైమ రెండో నివేదిక పంపింది. మొదటిదే బాగుందన్నారు ఫ్యాక్టరీ వారు. పొగగొట్టం లేచింది. నన్ను ముచ్చటపడి కొనుక్కున్నారు కూడా. సందు పూడ్చడానికి పిలిస్తే అప్పలాచారి రానన్నాడట. ఇంకెవరో సిమెంటుతో పూడ్చి, ఆకుపచ్చ రంగేసి, గాజు పెట్టెలో బిగించి ఫ్యాక్టరీ ఆఫీసు ముందు హాల్లో పెట్టారు. కింద పలక మీద 'ఊరికి రక్షణ గోడ' అని రాయించారు.

నిన్న సన్యాసమ్మ అర్జీ పట్టుకుని వచ్చింది. కూతురు ఆమె భుజం మీద వాలి ఎగరొప్పుతోంది. సన్యాసమ్మ నన్ను గుర్తుపట్టింది. గాజు మీద వేలు ఆనించి, సరిగ్గా నా మెడ దగ్గర ఆపింది.

"మళ్లీ మూసీసినారా," అంది.

ఆ పిల్ల ఊపిరికి గాజు బయట మసకబారింది. లోపల నా దగ్గర గాలి లేదు.