చిన్నకోడలి రేకులు

చిన్నకోడలి ఇంటి ప్లాను పాసయిందట. మున్సిపల్ ఆఫీసు గడప తొక్కకుండానే, పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా ఫోనులోకి వచ్చి పడిందట. లంచం మాట అటుంచి, కాఫీ నీళ్ళయినా అడిగినవాడు లేడట. పైగా ఆఫీసు నుంచి ఒక పిల్ల ఫోను చేసి, మీకేమైనా ఇబ్బంది కలిగిందా అండీ అని అడిగిందట. ఇదంతా పాలామె ఎదురింటావిడతో అంటే, ఎదురింటావిడ గుండీలు కుట్టించుకునే వంకన వచ్చి తోడికోడలు మిషనక్క చెవిన వేసింది. వేసి, నిప్పు అంటుకుందా లేదా అని చూసేవాళ్ళలా ఆమె మొహంలోకి చూసింది.

మిషనక్క తల ఎత్తలేదు. రేకుల చిల్లుల్లోంచి కారిన తుప్పునీళ్ళు బడిపిల్లల తెల్లచొక్కాల మీద పడ్డాయి. నిమ్మచెక్కతో రుద్దుతోంది. చొక్కాకి కుట్టుకూలి అరవై. మరక వదలకపోతే గుడ్డ ఖరీదు రెండు వందలు తనే పెట్టుకోవాలి. ఈ రేకులు పీకేసి స్లాబు వేయించుకుందామని ఆమె అర్జీ పెట్టి మూడేళ్ళయింది.

"ఇంటికి పెద్దదానివి నువ్వు. ముందు నీకు రావద్దూ?" అంది ఎదురింటావిడ.

"నాదీ బయలుదేరే ఉంటుంది, నా పొయ్యి పొగకి దారి కనబడక ఆగిపోయుంటుంది" అంది మిషనక్క. "గుండీలు సాయంత్రం తీసుకెళ్ళు."

ఆమె వెళ్ళీ వెళ్ళకముందే చిన్నకోడలు వచ్చింది, నెత్తిమీద రేకులతో. మామగారు పోతూపోతూ ఉన్న ఒక్క ఇంటినీ నడిమికి చీల్చి కొడుకులిద్దరికీ ఇచ్చాడు. మధ్యగోడ మాత్రం ఇద్దరిదీ.

"మా పైకప్పు నిన్ననే దింపేశాం అక్కా. మేస్త్రీ రేపు పనిలో దిగుతాడు. ఈ నాలుగూ గట్టి రేకులు. నీ చిల్లుల మీద కప్పించుకో."

"మరి మీరో?"

"టార్పాలిన్ కట్టాం. పిల్లలకైతే పండగ్గా ఉంది. ఎన్నాళ్ళులే, స్లాబు పడేదాకా."

రేకులు గోడకి ఆనించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది చిన్నది. దాని మనసులో ఏ కల్మషమూ లేదు. అదే మిషనక్కకి ఎక్కువ మండింది. కల్మషం ఉంటే ఒక మాట అనేసి కడుపు చల్లబరుచుకోవచ్చు. ఇన్నాళ్ళూ తను కట్టి విడిచిన చీరలు చిన్నది కట్టుకుంది. ఇప్పుడు చిన్నది విడిచిన రేకుల కింద తను బతకాలి.

చొక్కాలు బకెట్లో పడేసి ఆఫీసుకి బయలుదేరింది.

ఆఫీసు గుర్తుపట్టలేనంతగా మారింది. ముందు హాల్లో చలవ మిషను, మెత్తటి కుర్చీలు, అద్దాల కౌంటరు. కౌంటరమ్మాయి లేచి నిలబడి నవ్వింది, కుర్చీ చూపించింది, గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆ ఆఫీసులో తన మొహం చూసి నవ్విన మొదటి మనిషి ఆమే.

"కొత్త అర్జీలే ఇక్కడండీ. మీది పాతది కదా, పాత కిటికీ దగ్గరే చూస్తారు."

"పాతది చించేసి కొత్తది రాయి తల్లీ."

"పాతది మూసేస్తేనే మిషను కొత్తది తీసుకుంటుందండీ. మూసేది కూడా పాత కిటికీలోనే." అదే నవ్వు.

పాత కిటికీ వెనక వరండాలో ఉంది. అక్కడి గుమాస్తాని జనం రేపయ్య అంటారు. ఎవరేం అడిగినా రేపు రమ్మంటాడు. ఇవాళ మాత్రం ఆయనే పిలిచాడు.

"ఏం, నువ్వూ ఆ చలవగదిలో నీళ్ళు తాగొచ్చావా? వాళ్ళకి నవ్వితే జీతం. ఇరవై ఏళ్ళుగా దుమ్ము మింగుతున్నవాణ్ణి, నాకు ఫ్యానుకి రెక్క కూడా వెయ్యలేదు." ఫైలు తీయకుండానే సంగతంతా విన్నాడు. విని, కిటికీలోంచి ముందుకి వంగాడు. "మధ్యగోడ ఉమ్మడిదన్నావు. నీ ఒప్పుదల లేకుండా ఎట్లా పాసు చేశారు వాళ్ళు? అభ్యంతరం అని ఒక్క ముక్క చెప్పు. పని ఆగుతుంది. వాళ్ళ నవ్వూ ఆగుతుంది."

"నా ఫైలు?"

"అది రేపు చూద్దాం."

మిషనక్క కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. ఎత్తయిన కొత్త గోడ, దాని మీద నున్నటి స్లాబు, ఆ నీడలో తన తుప్పు రేకులు కళ్ళముందు మెదిలాయి. కాళ్ళు వాటంతటవే అద్దాల కౌంటరు వైపు నడిచాయి.

అభ్యంతరం అనగానే కౌంటరమ్మాయి మళ్ళీ కుర్చీ చూపించింది. ఇది కొత్త అర్జీ మీద కాబట్టి ఇక్కడే తీసుకుంటారట. రాయాల్సిందంతా తనే రాసింది, చదివి వినిపించింది, వేలిముద్ర మిషను ముందుకి జరిపింది. మిషనక్క వేలు పెట్టింది. మిషను కీచుమంది.

"అయిపోయిందండీ. పని ఆపమని ఆవిడ ఫోనుకి వెళ్ళిపోయింది."

గ్లాసులో నీళ్ళు ఇంకా సగం ఉన్నాయి. బయట అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్ కింద పిల్లలు. కప్పుకోవాల్సిన రేకులు తన గోడకి ఆనించి ఉన్నాయి.

"తల్లీ, ఇది వెనక్కి తీసుకోవాలంటే?"

"అభ్యంతరం ఉపసంహరణా? అది పాత కిటికీలోనండీ."

మిషనక్క పరుగున వరండాకి వెళ్ళింది. రేపయ్య చాలాకాలం తర్వాత నవ్వాడు. తెల్లకాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకుని, బూజు దులిపి ఆమె పాత ఫైలు తీసి, ఆ కాగితాన్ని దాని కింద పెట్టాడు.

"వరసలో చూస్తాం. రేపు రా."

తిరిగి హాలు దాటుతుంటే కౌంటరమ్మాయి ఎదురొచ్చింది. చేతిలో చిన్న పెట్టె, దాని మీద మూడు బొమ్మ మొహాలు: నవ్వేది, ఊరుకునేది, ఏడ్చేది. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. వరండా గుమ్మంలోకి రేపయ్య కూడా వచ్చి నిలబడ్డాడు.

"మా సేవ ఎలా ఉందో ఒకటి నొక్కి వెళ్ళండి."

మిషనక్క పెట్టె వైపు చూడలేదు, పిల్ల మొహంలోకే చూసింది.

"నేను ఇల్లు కట్టుకుంటానంటే మూడేళ్ళు నిలబెట్టారు. దాని ఇల్లు ఆపుతానంటే కుర్చీ వేసి నీళ్ళిచ్చారు."