పన్నెండు వారాలు

డ్రిల్లు టీచరమ్మ మాటకు ఎదురు చెప్పినవాళ్లు బడిలోనూ లేరు, ఇంట్లోనూ లేరు. ఆవిడ ఈల ఊదితే నాలుగు వందలమంది పిల్లలు గీత గీసినట్టు నిలబడేవారు. ఇంట్లో ఈల అక్కర్లేదు, చూపు చాలు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు. అప్పట్నించీ అమ్మా నాన్నా తానే అయి పెంచింది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, ఒకణ్ణి పెంచాను చాలు, ఇంకొకణ్ణి పెంచే ఓపిక లేదని నవ్వించి పంపేసేది. తమ్ముడు పెద్దవాడై సెలూన్ పెట్టుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. అయినా కొత్త కత్తెర కొనాలన్నా అక్కను అడిగేవాడు.

అలాంటివాడు ఒక ఉదయం గిరాకీ గడ్డానికి నురగ రాస్తూ రాస్తూ బ్రష్షు జారవిడిచి కుర్చీ పక్కన కూలబడ్డాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా మిగిలింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక ఫిజియోథెరపిస్టు రోజూ ఇంటికి వచ్చి చెయ్యి లాగేవాడు, వంచేవాడు, ఎత్తించేవాడు. తమ్ముడు పళ్లు బిగించి కేక మింగుతుంటే టీచరమ్మ గుమ్మం దగ్గర నిలబడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆ రోజుల్లోనే ఫోన్లో ఒక వీడియో చూసింది. పరాయి దేశంలో ఒక కొండమీద, తావో అనే పాత చైనా మార్గంలో ఆరోగ్య సాధన నేర్పే శిబిరం అది. తెల్లబట్టల మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు మెల్లగా చేతులెత్తుతున్నారు. పడిపోయిన తన చెయ్యి ఇక్కడే లేచిందని ఒకామె చెబుతోంది. పన్నెండు వారాలు నేర్చుకుంటే ఇంకొకరికి నేర్పవచ్చట. లాగడం లేదు, నొప్పి లేదు. టీచరమ్మ బడికి సెలవు పెట్టింది. అంతకుముందు విమానం మొహం చూడని మనిషి నెల తిరక్కుండా విమానం ఎక్కింది.

శిబిరంలో చేరేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. ఎందుకు వచ్చారు అని అందులో ప్రశ్న. తమ్ముడి కోసమని రాయబోయి ఆగింది. అది కుదరదని ఎవరైనా అంటే? ‘టీచర్ని, పిల్లలకు నేర్పడానికి’ అని రాసి ఇచ్చేసింది.

తెల్లారేసరికి రాతి పలకల వాకిట్లో నిలబడాలి. మోకాళ్లు కాస్త వంచి, పెద్ద కుండను కౌగిలించుకున్నట్టు చేతులు చాపి, గంటసేపు కదలకుండా. మొదటి వారం తొడలు వణికిపోయాయి. ఇన్నేళ్లు పిల్లల్ని శిక్షగా నిలబెట్టిన పాపం ఇప్పుడు కాళ్లలోకి దిగిందనుకుంది. పక్కన రిటైరైన పైలట్ ఒకాయన నిలబడే గురక పెట్టేవాడు. గురువుగారు, డెబ్భై దాటిన బక్కమనిషి, వేలితో ఆయన వీపు తట్టి ముందుకు సాగేవారు. ఊపిరి పొట్టలోకి దింపడం, అరచేతుల మధ్య వెచ్చదనం పట్టడం, పిల్లిలా అడుగు వేయడం, అన్నీ టీచరమ్మ పట్టుదలగా నేర్చుకుంది. ప్రతిదీ తమ్ముడి ఒంటికి తగిలించి ఊహించుకునేది. ఆదివారం ఫోన్ చేస్తే, అంతా బాగానే ఉంది వదినా, అనేది మరదలు. వెనకనుంచి తమ్ముడి ముద్దమాట వినబడేది. ఎప్పుడొస్తావని ఒక్కటే ప్రశ్న.

పదో వారంలో ఇక ఉండబట్టలేకపోయింది. గురువుగారి మాటలు అనువదించి చెప్పే అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పింది. ఆయన ఎన్నాళ్లయిందని అడిగారు. తాను వచ్చేనాటికి ఆరు వారాలని, ఇప్పటికి పదహారని చెప్పింది. ఆయన మెట్టుమీద కూర్చుండిపోయి చాలాసేపు మాట్లాడారు. ఆ అమ్మాయి తల దించుకుని చెప్పింది.

"మొదటిరోజే అడిగుంటే అప్పుడే ఇంటికి పంపేసేవాణ్ణి అంటున్నారు. అప్పుడు కావాల్సింది డాక్టరు చెప్పిన కసరత్తే అట. మాది ఆ తరవాత, మిగిలింది కాపాడుకోవడానికి. ఆ వీడియోలో ఆమెకి కూడా చెయ్యి ఆసుపత్రిలోనే లేచింది. ఇక్కడికి తరవాత వచ్చింది."

టీచరమ్మ రెండోరోజే బయల్దేరింది. దారంతా ఒక్క ధైర్యమే, ఇంటి దగ్గర ఫిజియో అతను ఉన్నాడు కదా అని.

గుమ్మంలో కాలు పెట్టగానే తమ్ముడు లేచి నిలబడబోయాడు. కుడి మోచెయ్యి మడుచుకుపోయి ఛాతీకి అంటుకుని ఉంది. వేళ్లు పిడికిలిగా బిగుసుకున్నాయి. మరదల్ని వంటింట్లోకి తీసుకెళ్లి, ఫిజియో అతను ఏం చేస్తున్నాడని నిలదీసింది.

"మీరు వెళ్లిన మూడోరోజే రావద్దని పంపేశారు వదినా. మీతో చెబితే ఒట్టేనన్నారు."

"ఎందుకు పంపేశాడు? నువ్వెలా ఊరుకున్నావు?"

మరదలు గిన్నె కిందపెట్టింది. "మీరేగా అన్నారు. వీడు లాగితే ఉన్న కీలు ఊడుతుంది, నేనొచ్చేదాకా ఎవరినీ చెయ్యి ముట్టుకోనివ్వకురా అని. మీరంటే ఆయనకి వేదం. నేను కాళ్లు పట్టుకున్నా వినలేదు."

అన్నది నిజమే. సూట్‌కేసు జిప్పు లాగుతూ, ఏడుపు ఆపుకోవడానికి అన్న మాట. విమానం ఎక్కేలోపే మరిచిపోయింది.

మర్నాడు డాక్టరు తమ్ముడి చెయ్యి చాపి చూసి వదిలేశాడు. మొదటి మూడు నాలుగు నెలల్లో వచ్చేదే ఎక్కువని, ఇక వచ్చేది కొద్దిగానే అని చెప్పాడు. ఆవిడ వివరం అడగలేదు. అర్థం కాకపోతే కదా.

ఫిజియో అతన్ని మళ్లీ పిలిపించింది. తమ్ముడు మాత్రం అక్క సాధన కోసం తెల్లారకముందే లేచి తయారయ్యేవాడు. కర్ర పట్టుకుని పెరట్లో ఆవిడ ఎదురుగా నిలబడి, ఎడమ చెయ్యి ఎత్తి, కుడి చెయ్యి ఎత్తుతున్నాననుకునేవాడు. వెచ్చగా ఉంది, వస్తోందక్కా అనేవాడు. వారం రోజులు ఆవిడ ఊఁ కొట్టింది. ఎనిమిదో రోజు కొట్టలేకపోయింది.

"ఒరేయ్, దీంతో రాదు. అక్కడే చెప్పారు. నిన్ను ఆపింది నేను. ఆ మాట అనకపోయుంటే నీ చెయ్యి లేచేదేమో. నన్ను తిట్టు, ఏదో ఒకటి అను."

తమ్ముడు ఆవిడ మొహంలోకి చూశాడు. తరవాత కర్ర ఊతంగా, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లాడు. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. ఫిజియో అతను వచ్చి చెయ్యి లాగితే పళ్లు బిగించడం కూడా మానేశాడు. తన ఒళ్లు కాదన్నట్టు పడుకుని ఉండేవాడు. సెలూన్ ఎవరికైనా అప్పగిద్దామా అని మరదలు అడిగితే కళ్లు మూసుకున్నాడు.

ఎవరూ టీచరమ్మను ఒక్క మాట అనలేదు. మరదలు ఎప్పట్లాగే వదినా అని పిలిచి అన్నం వడ్డించేది.

మూసుకుపోయిన అరచెయ్యి చెమటకు పుండు పడుతుందని, రోజూ విప్పి కడగాలని ఫిజియో అతను చెప్పాడు. ఆ పని టీచరమ్మ తీసుకుంది. మధ్యాహ్నం గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చునేది. తమ్ముడు గోడవైపు తిరిగి చెయ్యి మాత్రం వదిలేసేవాడు. ఆవిడ చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ విప్పి, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డ అద్దేది. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి చిటికెనవేలు ముడుచుకుపోయి ఉండేది.