నోటికి ఇరవై

రైల్వే వాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా సందు మలుపున ‘ఇరవై’ అని ఎర్ర రంగుతో రాసిన రేకు బోర్డు పెట్టించింది సమూయేలు గారే. ఆయన మెయిలు బండి డ్రైవరు, చర్చిలో సంఘపెద్ద. సందులో పిల్లలూ మేకలూ ముసలివాళ్లూ తిరుగుతారు, స్కూటర్లు ఇరవై దాటకూడదు అని ఇంటింటికీ వచ్చి చెప్పారు. అందరం తలూపాం. తలూపడానికి పెట్రోలు ఖర్చవదు కదా.

ఆయనకో అలవాటుంది. ఇంజన్లో అసిస్టెంటు సిగ్నలు చూసి పైకి చెప్పాలి, డ్రైవరు అదే మాట తిరిగి అనాలి. ఇద్దరి నోటా వస్తేనే ఇద్దరూ చూసినట్టు లెక్క. ఆ పద్ధతి ఇంటి స్కూటరు మీదికీ ఎక్కేసింది. మలుపు రాగానే వెనక కూర్చున్న భార్య ఆలిస్ గారు “బోర్డు ఇరవై” అంటారు, ఆయన “ఇరవై” అంటారు. మేం అరుగుల మీంచి విని నవ్వుకునేవాళ్లం. బండి ఎంత వేగంతో పోతోందో మాత్రం ఎవరమూ చూడలేదు. సంఘపెద్ద గారి బండి కదా, చూడాలని తోచలేదు.

ఎనభై తొమ్మిది వానాకాలంలో ఒక సాయంత్రం ఎలీసమ్మ గారు ప్రార్థన కూడికకి బయలుదేరింది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ. వెనక నుంచి ఒక స్కూటరు ఆవిణ్ణి రాసుకున్నంత దగ్గరగా దూసుకుపోయింది. ఆవిడ బెదిరి పక్కకి తప్పుకోబోయి మురుక్కాలవలో పడింది. మణికట్టు విరిగింది. ఎవరని ఎంత అడిగినా “సూడనేదు” అంది.

ఆవిడ చూడకపోయినా మా సందుకి తెలిసిపోయింది. ఇంకెవరు, వర్క్‌షాపులో ఫిట్టరు జగ్గారావు. డ్యూటీ వదిలితే వాడి బండి నేల మీద ఆగదు. సమూయేలు గారు వాణ్ణి పిలిచి, ఆదివారం ఆవిడ ఇంటి ముందు అందరి ఎదుటా తప్పు ఒప్పుకోవాలన్నారు. ఒప్పుకోకపోతే స్కూటరు సందులోకి రానివ్వనన్నారు. నేను కాదు మొర్రో అంటాడనుకున్నాం. వాడు చాలాసేపు బుర్ర గోక్కున్నాడు.

“రోజూ ఆ మలుపులో నలబై మీదే పోతాను బాబూ,” అన్నాడు. “ఆ దినం కాదని ఎలాగ ఒట్టేసేది? నానే అయ్యుంటాను.”

ఆదివారం ఎలీసమ్మ గారు కట్టు కట్టిన చేత్తో గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుంది. ఎదురుగా జగ్గారావు తల దించుకుని నిలబడ్డాడు. మేమంతా చుట్టూ చేరాం. చర్చిలో ఆరాధన ఆలస్యమై సమూయేలు గారింకా రాలేదు. అంతలో మలుపు అవతల నుంచి ఆలిస్ గారి గొంతు వినిపించింది.

“బోర్డు ఇరవై.”

“ఇరవై.”

అన్నారే గాని బండి జోరు తగ్గలేదు. మా మీదికే వచ్చేసింది. పిల్లల్ని లాక్కుని గోడలకి అతుక్కుపోయాం. బ్రేకు కీచుమంది, స్కూటరు ముక్కాలిపీటకి మూరెడు దూరంలో ఆగింది. జగ్గారావు ఎలీసమ్మ గారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

ఆవిడ వాడి భుజం పట్టుకుని పక్కకి జరిపి, నువ్వేమీ చెప్పొద్దు నాయినా అంది. తరవాత సమూయేలు గారి వైపు తిరిగింది.

“ఆ దినం నాను మనిసిని సూడనేదు బాబూ. మాట ఇన్నాను. ఇప్పుడన్నారే, అదే మాట. మా ఆయన సవప్పెట్టె మోసిన బుజం గదా అని నోరు మూసుకున్నాను.”

సమూయేలు గారు రెండుసార్లు తన్నినా స్కూటరుకి స్టాండు పడలేదు. సిగ్గుతో మనిషి సగమైపోయాడు. ఆలిస్ గారు దిగి ఆయన పక్కనే నిలబడ్డారు.

“నానూ ఉన్నాను పిన్నమ్మా. బోర్డు సెప్పినాను గాని మీటర్లో ముల్లు సూడనేదు.”

ఆయన ముందు జగ్గారావు చెయ్యి పట్టుకున్నారు, తరవాత ఎలీసమ్మ గారి ముందు తల వంచారు. స్కూటర్లున్న మగాళ్లంతా నేల చూపులు చూశారు. రోజూ ఆ ఇరవై దాటనివాడు ఒక్కడుంటే కదా తలెత్తడానికి.

ఎలీసమ్మ గారి గొంతులో కోపమేమీ లేదు. నా మనవరాలు మీ బండిలోనే వస్తాది, రైల్లో కూడా ఇలాగేనా అని అడిగింది. లేదు పిన్నమ్మా, అక్కడ ఎన్నడూ దాటనేదు అన్నారాయన వెంటనే. ఎందుకని అందావిడ.

“అక్కడ చార్టుంటాది. ఎంత జోరుగా పోయినామో కాగితం మీద గీత పడిపోతాది. ఇనస్పెక్టరు సూస్తాడు.”

అనేశాక గానీ ఆయన మాట ఆయనకే వినబడలేదు. చెవుల దాకా ఎర్రబడ్డారు.

ఎలీసమ్మ గారు విరిగిన చేతిని ఒళ్లో సర్దుకుంది.

“ఈడ మేమున్నాం గదా బాబూ,” అంది.