గొర్రె కింద పెట్టని కాలు

ప్రయోగశాల వెనక కొట్టంలో గొర్రెని చూసుకునేది అత్తగారు. లోపల గాజు పళ్ళేల్లో, దాని మూలుగలోంచి తీసిన మూలకణాల్ని ఎముక కట్టే కణాలుగా పెంచేది అల్లుడు. కణాలకి పోసే గులాబీ రంగు ద్రవం పసుపుకి తిరిగితే, తీసేసి కొత్తది పొయ్యాలి. పోసినప్పుడల్లా కొట్టంలో గొర్రె ఉత్తినోటితో నెమరేసేది. పళ్ళేలకి మేత అందిందో లేదో తెలుసుకోడానికి పెద్ద డాక్టరు కూడా కిటికీలోంచి గొర్రెనే చూసేవాడు. అందులో వింతేముంది, దాని ఒంట్లోవే కదా.

దాని ముందుకాలు విరిగి చాన్నాళ్ళయింది. అతుక్కోలేదు. కాలు ఎత్తి పెట్టుకుని కుంటుతూ తిరిగేది.

ఆ ఉదయం అత్తగారు కొట్టం ఊడుస్తుంటే కూతురు పెట్టెతో వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఇంక ఆయనతో కాపురం నా వల్ల కాదమ్మా. సెలవురోజూ పనేనంటాడు. నిన్న చొక్కా చేతి మీద ఎర్రటి మరక. ఎవత్తె గోళ్ళరంగో!"

"నేను ఆనాడే చెప్పాను," అంది అత్తగారు.

మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, ఆవిడ దగ్గర గొర్రె వాసన వస్తోందని ముక్కు మూసుకున్నాడు అల్లుడు. ఆ ముక్కుని ఆవిడ మర్చిపోలేదు. నిన్న సెలవైనా గొర్రె నెమరేసిన మాట నిజమే. అయితే ఏం, పళ్ళేల్లో మేత పోసింది ఇతనేనని ఏమిటి నమ్మకం?

అంతలో అల్లుడు తెల్లకోటుతో పరుగున వచ్చాడు.

"అది రంగునీళ్ళ మరకండీ అత్తయ్యగారూ. ఒక పళ్ళేనికి రంగేసి చూశాను. ఎముక కట్టిన చోటే ఎర్రబడుతుంది. ఇన్నాళ్ళకి ఎర్రబడింది!"

"ఎముక కట్టిందా! మరి దీని కాలికేం రోగం బాబూ?"

"మిగతా పళ్ళేలు కూడా గట్టిపడాలండీ. ఇప్పుడే మేత పోస్తున్నాను."

"అది కాలు కింద పెడితే నీ మాట నమ్ముతా," అంది కూతురు మొగుడితో. "లేదంటే నేనూ నా పెట్టే ఇక్కడే."

అతను లోపలికి పోయాడు. కూతురు పెట్టె మీద తల వాల్చి ఏడుపు మొదలెట్టింది. కాసేపటికి గొర్రె నెమరేసింది. తర్వాత ఎత్తి పెట్టుకున్న గిట్ట వణికింది, నేలని తాకింది, మళ్ళీ లేచింది, ఆనింది. అత్తగారు వంగి గిట్ట కింద గడ్డి తీసి చూసింది. డొక్కలో ఓ తోపు తోసింది. గొర్రె కదల్లేదు, నిలబడింది.

కూతురు తలెత్తలేదు. చూసింది తనొక్కతే. నోరు మెదపకపోతే కూతురు తన దగ్గరే ఉండిపోతుంది, ఆ ముక్కు పీడా వదిలిపోతుంది. అత్తగారు చీపురు పుల్లలు సర్దింది. సర్దిన పుల్లలే మళ్ళీ సర్దింది.

"లేవవే," అంది చివరికి. "పెట్టె తీసుకుని నడు."

కూతురు తలెత్తి గొర్రెని చూసింది, కళ్ళు తుడుచుకుంది.

అల్లుడు బయటికొచ్చాడు. గొర్రె నాలుగు కాళ్ళ మీద నడిచి వెళ్ళి అతని చొక్కా చేతిలో మూతి దూర్చింది. అతను దాని మెడ చుట్టూ చేతులేసి మొహం ఆ బొచ్చులో పెట్టుకున్నాడు.

"ఇవాళ ముక్కు ముయ్యలేదేం?" అంది అత్తగారు.